రెండో పూత

సుజానమ్మకు ఇంగ్లీషులో ఒక్క పేరే రాయడం వచ్చు. తెలుగులో అదీ రాదు. సంతకం అడిగితే బొటనవేలు చాపుతుంది, అంటిన సిరాను కొంగుకి తుడుచుకుంటుంది, ఇందులో సిగ్గుపడేందుకేముంది అన్నట్టు చూస్తుంది. ముంచింగిపుట్టు మిషను హాస్టల్లో ముప్పయ్యేళ్లు వంట చేసిన మనిషి. రెండు వందల మంది పప్పుచారులో గుప్పిటతో ఉప్పు వేస్తే ఒక్కనాడూ ఉప్పుకషాయం కాలేదు, చప్పబడలేదు. చదువుకున్నవాళ్లని ఆ పని చేసి చూపించమనండి అంటుంది. ఆ మాటకు జవాబు చెప్పగలిగిన వాళ్లు ముంచింగిపుట్టులో ఇంకా పుట్టలేదు.

ఆమెకు వచ్చిన ఆ ఒక్క పేరు డానీ. అవి అయిదు అక్షరాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. మొదటిది నిలువునా కోసిన సగం కుండ. రెండోది పాకకప్పు, మధ్యలో అడ్డదూలం. తర్వాతి రెండూ కవలలు, రెండు నిలువు కర్రల మధ్య వాలుగా ఇంకో కర్ర. ఆఖరిది పంగలకర్ర. ముగ్గు నేర్చుకున్నట్టు తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంది. ఏటా నవంబరు రెండున, సమాధుల పండగ నాడు, సున్నం ఆరాక నీలం రంగుతో ఆ అయిదూ గీసి లేస్తే ఆ ఏటికి ఆమె పని అయినట్టే.

డానీ ఒకప్పుడు అక్కడి మిషను ఆస్పత్రిలో పనిచేసిన అమెరికా డాక్టరుగారి కొడుకు. ఆయనకు ఇద్దరు పిల్లలు, పెద్దది రూత్, చిన్నవాడు డానీ. సుజానమ్మ తల్లి తెరిసమ్మ వాళ్ల బంగళాలో ఆయా. 1969 వానల్లో అయిదేళ్ల డానీకి జ్వరం మెదడుకెక్కింది. కొండమీది ఊళ్లన్నిటికీ మందిచ్చిన తండ్రి కన్నకొడుకుని మూడు రోజులు కూడా నిలబెట్టుకోలేకపోయాడు. గెడ్డ అనే కొండవాగు పైన, వాలులో ఉన్న సమాధుల తోటలో ఆ పిల్లాణ్ణి పడుకోబెట్టారు. అయిదేళ్ల తర్వాత వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోతూ ఉంటే డాక్టరుగారి భార్య తెరిసమ్మ చేతులు పట్టుకుని ఒక్కటే అడిగింది, బాబుని చూసుకో అని. ఊరంతా ఆవిడని డాక్టరమ్మ అనేవారు. బతికున్న పిల్లాణ్ణి అప్పగించినట్టే అప్పగించింది. తెరిసమ్మ కూడా చంకనెత్తుకున్నట్టే ఒప్పుకుంది. తాను పోయే ముందు ఆ పని కూతురికి అప్పజెప్పింది.

మొదట్లో డానీకి పాలరాతి పలక ఉండేది. ఎవరో పెరుక్కుపోయారు, మసాలా నూరుకోవడానికే అయి ఉంటుంది. అప్పటి నుంచి మిగతా అందరిలాగే డానీకీ సున్నం మీద రంగుతో పేరు. కొండ వానలకి సున్నం నిలవదు. జూన్‌లో పట్టుకున్న వాన అక్టోబరు దాకా కడిగి కడిగి పేర్లన్నీ మట్టిలో కలిపేస్తుంది. అక్కడ చచ్చిపోయిన వాళ్లకు ఏటా మళ్లీ పేరు పెట్టాల్సిందే.

డానీకి పదడుగుల పైన సోఫియా ఉంది. సోఫియా సుజానమ్మ కూతురు. ఏడేళ్లది, రెండో తరగతి. 1996లో అలాంటి జ్వరమే వచ్చింది, అంతే బేగి, అంతే త్వరగా పోయింది. తర్వాత మళ్లీ కడుపు పండలేదు. ఆ పిల్లకి, వాళ్ల గుంటకి, ఒక్క ఫొటో అన్నా లేదు. బళ్లో తీసిన గుంపు ఫొటో ఒకటి ఉండేది, గోడ చెమ్మకి అది కూడా బూజు పట్టి పోయింది. సుజానమ్మ భర్త ఐజాక్ బళ్లో అటెండరు. గుండ్రంగా, ముద్దుగా రాసేవాడు. పండగ నాడు అతను పైన కూతురి పేరు తెలుగులో రాస్తూ ఉంటే, ఈమె కింద డానీ పేరు గీసేది. మొగుడూ పెళ్లాం పని అలా పంచుకున్నారు.

ఫోన్లు వచ్చాక డానీ సమాధి ఫొటో అమెరికా వెళ్లడం మొదలైంది. సుజానమ్మ ఫోన్లో తీసి అరకులో మిషను ఆఫీసుకి పంపితే, అక్కడ పనిచేసే నిర్మల దాన్ని రూత్‌కి పంపేది. రూత్ పెద్దదైంది, ముసలిదైంది. అయినా నవంబరు వస్తే చాలు, సుజానా ఎలా ఉంది, మా తమ్ముడి ఫొటో ఏది అని అడిగేది. సుజానమ్మ చిన్ననాటి నేస్తాల్లో బతికున్నది ఆవిడ ఒక్కతే. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి బంగళా వెనక జామచెట్టెక్కి చీవాట్లు తిన్నవాళ్లు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను కొట్టింది. తెల్లారేసరికి సమాధుల తోట కింది అంచు జారిపోయి గెడ్డలో పడింది. నాలుగు సమాధులు పోయాయి. అందులో డానీది ఒకటి. ఐజాకూ సుజానమ్మా నీళ్లు తగ్గేదాకా ఉండి, మూడు రోజులు బురద తవ్వారు. రాళ్లు దొరికాయి, చెట్ల వేళ్లు దొరికాయి. డానీ దొరకలేదు.

పండగ ఇంకో వారం ఉందనగా నిర్మల ఫోను చేసింది.

"పిన్నీ, డాక్టరమ్మగారికి అస్సలు బాగోలేదట. ఎనభై ఆరేళ్లు కదా. ఈసారి ఫొటో కాస్త బేగి పంపమంటన్నారు. ఇదే ఆఖరుదేమో అని రూత్ గారు ఏడ్సినారు."

సుజానమ్మ ఫోను పెట్టేసి రెండు రోజులు తిండి సహించక తిరిగింది. మూడో రోజు ఐజాక్ సున్నం బకెట్టు, నీలం రంగు డబ్బా తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"మన గుంట సమాధి మీద ఆ బాబు పేరు రాసీయ్. ఫొటో తీసేక నాను మళ్లీ సున్నం కొట్టీసి సోఫియా పేరు రాసుకుంటాను. ఆ ముసిలమ్మ మనసు నిమ్మళంగా పోనీ."

ఆ నవంబరు నుంచి సోఫియా సమాధికి రెండు పూతలు. పొద్దున్నే మొదటి పూత, దాని మీద డానీ పేరు, ఒక ఫొటో. ఎండెక్కాక రెండో పూత, దాని మీద సోఫియా పేరు. జనం పూలతో, కొవ్వొత్తులతో వచ్చేసరికి అంతా సర్దుకుని ఉండేది. డాక్టరమ్మ ఆ ఏడు పోలేదు. ఫొటో చూసి లేచి కూర్చుందని నిర్మల చెప్పింది. ఇంకో అయిదేళ్లు బతికింది, అయిదు ఫొటోలు చూసింది. ఆవిడ పోయాక ఐజాక్ అన్నాడు, ఇంక చెప్పేయొచ్చు కదే అని. ఈ ఏటికి కానియ్ అంది సుజానమ్మ. మరుసటి ఏడూ అదే మాట అంది. రూత్ ప్రతిసారీ పంపించే ఆ నాలుగు ముక్కలూ ఆమెకు కావాలి మరి. నువ్వు లేకపోతే మా తమ్ముడికి ఎవరున్నారు సుజానా అని రాసేది. అది పోగొట్టుకోవడం సుజానమ్మకు చేతకాలేదు.

2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఐజాక్ పాడేరు ఆస్పత్రిలో పోయాడు. ఆ నవంబరులో సుజానమ్మ ఒక్కతే బకెట్టు మోసుకుని వెళ్లింది. మొదటి పూత వేసింది. డానీ పేరు గీసింది. ఫొటో తీసింది. రెండో పూతకి కుంచె ముంచి, ఆగిపోయింది. దీన్ని చెరిపేస్తే పైన ఏం రాయాలి? కూతురి పేరు ఎలా ఉంటుందో పాతికేళ్లు చూసింది గాని చెయ్యి పెట్టి గీసింది లేదు. అది ఐజాక్ పని. ఎవరినైనా అడిగితే రాసిపెడతారు. అడగలేదు. అడిగితే ఏడుపొచ్చేస్తుందని భయం, అతని చెయ్యి రాసిన చోట ఇంకో చెయ్యి పడుతుందని కోపం. పేరు లేకుండా ఉండేకంటే ఏదో ఒక పేరు ఉండనీ అని బకెట్టు ఎత్తుకుని వచ్చేసింది. తర్వాతి రెండేళ్లూ అంతే. మూడేళ్లు ఆమె కన్నకూతురు ఇంకొకరి పేరు కింద పడుకుంది.

ఇదిగో, ఇలాంటి సమయంలో వచ్చింది రూత్ పిలుపు. వాళ్ల ఊరి చర్చి వాళ్లు మిషను ఊళ్ల నుంచి ఇద్దరిని అతిథులుగా రమ్మన్నారు. టిక్కెట్లు వాళ్లవే. సుజానమ్మ వస్తేనే పిలిచినట్టని రూత్ పట్టుబట్టింది. భాష కోసం నిర్మల తోడు.

"నాను రాను. ఇమానం అంటే నాకు బయ్యం," అంది సుజానమ్మ. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే తనే ఫోను చేసింది. "వొస్తాను నిర్మలా. రూతమ్మతో ఎదురుగా సెప్పాల్సిన మాట ఒకటుంది." ఏం మాటో నిర్మల అడిగింది. అక్కడికెళ్లాక చెబుతానంది.

మే నెల మూడో వారంలో విశాఖపట్నంలో ఎక్కి, రెండు విమానాలు మారి షికాగోలో దిగారు. కాళ్లు వాచిపోయి, చెవులు మూసుకుపోయి బయటికొస్తే, తెల్ల జుట్టుతో, మోకాలి నొప్పికి ఒక పక్కకు వాలి నిలబడి ఉన్న పొడుగాటి మనిషి చెయ్యెత్తి గట్టిగా అరిచింది.

"ఏటి సుజానా! బేగి రా!"

యాభై ఏళ్ల కిందట జామచెట్టు మీద నుంచి అరిచిన అరుపే అది. ఆవిడ దగ్గర మిగిలిన తెలుగు అంతే, ఇంకో ముక్క రాదు. సుజానమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. ఇంత ఆప్యాయంగా పిలిచిన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం అని అక్కడే అనుకుంది.

రూత్ ఊరు డావెన్‌పోర్ట్. కారులో మూడు గంటలు, దారంతా అప్పుడే మొలకెత్తిన మొక్కజొన్న. ఊరు మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు, విజయనగరమంత ఉంటుందేమో అనుకుంది. ఊరి కింద మిసిసిపీ నది. వసంతం చివర కావడంతో ఎగువ మంచు నీళ్లతో నిండుగా, మట్టిరంగులో ఉంది. ఒడ్డున బల్లలు సగం నీళ్లలో ఉన్నాయి. ఇటు నుంచి చూస్తే అటు ఇంకో రాష్ట్రం అన్నారు. ఇనుప పడవలు ధాన్యం మోసుకుని, మనం వెనక నుంచి బండిని తోసినట్టు తోయించుకుంటూ పోతున్నాయి. నది ఒడ్డున ఏవో పెద్ద చెట్ల నుంచి తెల్లటి దూది రేగి వీధుల్లో ఎగురుతోంది.

"ఓలమ్మా, బూరుగుదూది!" అంది సుజానమ్మ. బూరుగు కాదు. అయినా ఆ పూట ఆ ఊరు ఆమెకు కాస్త చుట్టమైంది.

సాయంత్రం ఎనిమిదికి కూడా పొద్దు గుంకదు. ఏదో ఎర్రటి కాడ ఉడికించి తీపి వంటకం పెడితే, గోంగూరకి చక్కెర కలిపినట్టుందని చెప్పి రెండోసారి కూడా వడ్డించుకుంది. చర్చి వాళ్లు ఎనభై మందికి ఆమె చేత పప్పుచారు పెట్టించారు. ఇద్దరు పెద్దావిడలు కొలత చెంచాలు, కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డారు. సుజానమ్మ గుప్పిటతో ఉప్పు తీసి కుండలో వేసింది. ఎంత వేసిందో చెప్పమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు.

"నా సెయ్యంత అని రాసుకోమను," అంది నిర్మలతో.

ఇవన్నీ సరదాగానే ఉండేవి, రూత్ వంటింట్లో ఆ ఫ్రిజ్ లేకపోతే. ఆ తలుపు మీద వరసగా ఫొటోలు. డానీ నిజం సమాధివి కొన్ని. తుఫాను తర్వాతివి పది. పదింటిలోనూ సోఫియా. ఐజాక్ కూతురి తలదగ్గర నాటిన బంతి మొక్క, చేత్తో చేసిన రేకు శిలువ, కుడి మూల పెచ్చు ఊడిన సిమెంటు. నీలం రంగులో డానీ పేరు. రూత్ పాలు తీస్తూ తలుపు వేసినప్పుడల్లా ఆ పది ఫొటోలూ కదిలేవి. సుజానమ్మ కుర్చీ అటు తిప్పి వీపు పెట్టి కూర్చునేది.

రోజూ సాయంత్రం వీధి వసారాలో ముగ్గురూ కూర్చున్నప్పుడు చెబుదామనుకుంది. నోరు తెరిచేది.

"ఏటి పిన్నీ?" అనేది నిర్మల.

"ఏటీ లేదు. సలిగా ఉంది," అనేది. వెంటనే రూత్ లేచి వెళ్లి శాలువా తెచ్చి కప్పేది. ఆ శాలువా కింద సుజానమ్మ తనని తాను తిట్టుకునేది.

మే ఆఖరి సోమవారం అక్కడ పోయినవాళ్లని తలుచుకునే రోజు. పొద్దున్నే రూత్ పెరట్లో పూసిన పెద్ద పెద్ద గులాబిరంగు పూలు కోసి నీళ్ల బకెట్లో పెట్టింది. కారు నది పైనున్న కొండ మీది సమాధుల తోటకి వెళ్లింది. అక్కడ చూస్తే జనం. ముసలివాళ్లు, పిల్లలు, కుర్చీలు, పూలు. సిపాయిల సమాధుల దగ్గర చిన్న జెండాలు. ఎవరో రాయి కడుగుతున్నారు, ఎవరో గడ్డి పీకుతున్నారు.

సుజానమ్మ మొహం విప్పారింది. "ఇక్కడా సమాధుల పండగే కదే నిర్మలా! మరి సున్నం ఏదీ?"

రూత్ అమ్మానాన్నల సమాధి మీద నున్నటి బూడిదరంగు రాయి. దాని ముందు మోకాలు వంచలేక రూత్ అవస్థ పడుతుంటే, సుజానమ్మ బ్రష్షు లాక్కుని కొంగు దోపి కూర్చుంది. రాయిని పై నుంచి కింద దాకా, చెక్కిన అక్షరాల లోపలి పాచి పోయేదాకా తోమింది. తోముతూ తోముతూ ఆ ఇద్దరి పేర్ల కింద, మూడో వరుసలో ఆగింది. సగం కుండ, పాకకప్పు, కవలలు, పంగలకర్ర. తడి వేలితో తడిమింది. రాతి మీద చెక్కిన పేరు, ఎన్ని వానలు పడనీ, పోదు. ఈ బాబుకి ఇక్కడ ఇంత గట్టి పేరుంది. అక్కడ తన కూతురికి ఉన్న ఆ కాస్త చోటు కూడా ఈ బాబుకే ఇచ్చేసింది. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

రూత్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆవిడ కూడా ఏడుస్తోంది. తర్వాత చేతిసంచిలోంచి టీపొడి డబ్బా అంత రేకుడబ్బా ఒకటి తీసి సుజానమ్మ ఒళ్లో పెట్టింది. నెమ్మదిగా మాట్లాడింది. నిర్మల తెలుగులో చెప్పింది.

"వాళ్లమ్మగారిని దహనం చేసినారట పిన్నీ. సగం బూడిద ఈ రాయి కింద ఉంది. మిగతా సగం అయిదేళ్లుగా దాచినారు. తన కొడుకు దగ్గర పెట్టమన్నది ఆవిడ ఆఖరి మాటట. నువ్వు తీసుకెళ్లి డానీ బాబు సమాధిలో పెట్టాలి. నీ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వలేనంటన్నారు."

డబ్బా అంత బరువేం లేదు. కిలో ఉప్పు పొట్లం కన్నా తేలిక. సుజానమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. డాక్టరమ్మ మొహం గుర్తొచ్చింది, తల్లి చేతులు పట్టుకుని నిలబడ్డ ఆనాటి మొహం. ఫొటోలంటే కాగితాలు. ఒక తల్లిని తీసుకెళ్లి కొడుకని చెప్పి ఇంకొకరి బిడ్డ పక్కన పడుకోబెట్టడం సుజానమ్మ వల్ల అయ్యే పని కాదు. పడుకోబెట్టదు కూడా.

గడ్డి మీద కూలబడి, డబ్బా ఒళ్లోనే పెట్టుకుని, తలెత్తకుండా మొదలుపెట్టింది. తుఫాను, గెడ్డ, మూడు రోజులు తవ్విన బురద. రెండు పూతలు. ఐజాక్. తర్వాత రెండో పూత లేకపోవడం. అంతా చెప్పింది. నిర్మల నోరు వెళ్లబెట్టి వింది. ఆ ఫొటోలన్నీ పంపిన చెయ్యి ఆమెదే మరి.

"ఏటంటన్నావు పిన్నీ! ఇది ఇప్పుడు, ఇక్కడ, ఈవిడికి ఎలాగ సెప్పను? ఇంటికెళ్లేక నెమ్మది మీద..."

"ఇప్పుడే సెప్పు. ఒక్క ముక్క తగ్గించకు. సోఫియా నా కూతురని కూడా సెప్పు."

నిర్మల చెప్పింది. పక్క సమాధి దగ్గర పిల్లలు జెండాలతో ఆడుకుంటున్నారు. కింద నది మీద ఓ పడవ కూత వేసింది. రూత్ చివరిదాకా కదలకుండా నిలబడి వింది. అంతా అయ్యాక ఒక్కటే ప్రశ్న అడిగింది.

"వాళ్లమ్మగారు పోయే ముందు చేతిలో పట్టుకున్న ఫొటో ఎవరిదని అడుగుతన్నారు."

"సోఫియాది," అంది సుజానమ్మ.

రూత్ వంగి, సుజానమ్మ ఒళ్లోంచి డబ్బా రెండు చేతులతో తీసుకుంది. లాక్కోలేదు. నిద్రపోతున్న పిల్లని ఇంకొకరి ఒళ్లోంచి తీసుకున్నట్టు జాగ్రత్తగా తీసుకుని, కుంటుకుంటూ కారు దగ్గరకి నడిచింది. బకెట్లో పూలు అలాగే ఉండిపోయాయి. సుజానమ్మే వాటిని మూడు పేర్ల ముందూ సర్దింది.

తర్వాతి రెండు రోజులూ రూత్ పొద్దున్నే రొట్టె కాల్చి పెట్టేది, నిద్ర పట్టిందా అని ఇంగ్లీషులో అడిగేది, శాలువా కుర్చీ మీద మడిచి పెట్టేది. కప్పేది కాదు. సుజానమ్మ తెచ్చిన అరకు కాఫీ పొట్లం విప్పకుండా అలమర మీదే ఉండిపోయింది. మొదటి రోజే ఫ్రిజ్ మీది ఆ పది ఫొటోలూ మాయమయ్యాయి. పాతవి మాత్రం ఉంచింది. మధ్యలో తెల్లటి తలుపు కనిపిస్తూ ఉంటే, సుజానమ్మకు కుర్చీ ఇటు తిప్పుకోవాలో అటు తిప్పుకోవాలో తెలియలేదు.

"కోపమైతే తిట్టమని సెప్పు నిర్మలా. మా అమ్మ సేతిలో ఇద్దరం దెబ్బలు తిన్నోలమే. పడతాను."

నిర్మల చెప్పింది. రూత్ తల అడ్డంగా ఊపి, గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది.

వెళ్లే రోజు ఆవిడే కారు నడిపింది. మూడు గంటల దారి. మొక్కజొన్న వారంలోనే జానెడు ఎదిగింది. విమానాశ్రయం గుమ్మం దగ్గర సామాను దింపి, సుజానమ్మ చేతిలో ఒక గోధుమరంగు కవరు పెట్టింది. ఇంగ్లీషులో ఒక్క మాట చెప్పి కారెక్కింది. బేగి రా అనలేదు. సుజానమ్మ ఆ మాట కోసం కారు మలుపు తిరిగేదాకా నిలబడింది.

"ఏటందే?"

"ఇవి నీవే అని."

విమానంలో కవరు విప్పారు. పది ఫొటోలు. ఒక్కొక్కటి వెనక్కి తిప్పితే, పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, కింద ఏడాది. పదింటికీ ఒకటే పేరు.

"నిన్న పొద్దున్న నన్ను అడిగినారు పిన్నీ, మీ పాప పేరు ఎలాగ రాయాలని. సోఫియా అని రాసినారు."

"సెమించినానని రాసిందేటి?"

"లేదు."

"పోనీ, తిట్టిందేటి?"

"అదీ లేదు. పేరొక్కటే."

సుజానమ్మ ఫొటోలు ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా వాటి వీపులే చూసింది. కూతురివంటూ ఆమె చేతికి వచ్చిన ఫొటోలు అవే. తిరిగిచ్చేయడం అంటే వెళ్లగొట్టడమో, అప్పగించడమో ఆమెకు ఎంత ఆలోచించినా తేలలేదు. ఏదైనా నిజమే అనుకుంది, ఏదైనా తనకు తగిందే.

జూన్ మొదటి వారంలో, వాన ఇవాళో రేపో అన్నట్టు కొండల మీద మబ్బు పట్టి ఉండగా, సుజానమ్మ సున్నం బకెట్టు పట్టుకుని బయల్దేరింది. దారిలో ఎదురైన వాళ్లందరూ అడిగారు, నవంబరు పండగకి జూన్‌లో సున్నమేటని. ఆగకుండా నడిచింది. నిర్మల సెలవు పెట్టి అరకు నుంచి వచ్చింది. సుజానమ్మ తీసిన ఫొటోల పాపంలో తనకూ భాగముందని ఆ పిల్ల బాధ.

డానీ పేరు కిందటి నవంబరులో రాసింది, నీలం ఇంకా వెలిసిపోలేదు. సుజానమ్మ కుంచె ముంచి, దాని మీద పూత వేసింది. మూడేళ్లుగా వెయ్యని రెండో పూత.

"నేను రాస్తాను పిన్నీ, తెలుగులో సక్కగా."

"ఒద్దు. నానే రాత్తాను. సూసి గియ్యడం నాకొచ్చు."

ఒక ఫొటో వెనక్కి తిప్పి సిమెంటు మీద రాయి బరువు పెట్టింది. మొదటిది మెలిక తిరిగిన పాము, రెండుసార్లు చెరిపి మళ్లీ గీసింది. రెండోది గాజు. మూడోది కర్రకి కట్టిన సగం గాజు. నాలుగోది ఒక్క మెట్టున్న నిచ్చెన. అయిదోది ఉత్త కర్ర. ఆరోదాని దగ్గరికొచ్చి, ఫొటో వైపు చూడబోయి ఆగింది. పాకకప్పు, మధ్యలో అడ్డదూలం. అది చేతికి తెలుసు. డానీ దగ్గర నేర్చుకున్నదే. ఒక్క ఊపున గీసింది. గీశాక అక్కడే నేల మీద పడి, ముప్పయ్యేళ్ల కిందట ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. ఆ ఏడుపులో కూతురుంది, ఐజాక్ ఉన్నాడు, రేకుడబ్బాలో కొడుకు దగ్గరికి చేరకుండా మిగిలిపోయిన తల్లి ఉంది.

నిర్మల కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. "ఫొటో తీసి పంపనా రూత్ గారికి?"

"తీసి ఉంచు. అడిగితే పంపుదాం."

మర్నాడే వాన పట్టుకుంది. అక్టోబరు దాకా కురిసి, ఆ పేరునీ కడిగేసింది. నవంబరు రెండున సుజానమ్మ ఒక్కటే పూత వేసింది, ఫొటో చూడకుండానే ఆరు బొమ్మలూ గీసింది. మిగిలిన సున్నం తీసుకుని వాలు అంచుకి వెళ్లి, కింద గెడ్డ కనిపించే చోట ఒక రాయికి పూసి, దాని మీద ఆ అయిదూ గీసి కొవ్వొత్తి వెలిగించింది. తర్వాత ఇంటికొచ్చి, ఫోను ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంది.

ఆ ఏడాది ఫొటో ఎవరూ అడగలేదు.